దొరల భాషలో నువ్వు

నాకు ఫ్రెంచ్‌లో మొదటి పాఠాలు అట్టపెట్టెలు చెప్పాయి. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మాంసం నిలవచేసే ఒక వేర్‌హౌస్‌లో, ఫ్రీజర్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. ఈ దేశంలో ఏ పెట్టె మీదైనా ఒక పక్క ఇంగ్లీషు ఉంటే ఇంకో పక్క ఫ్రెంచ్ ఉంటుంది. పేర్చేటప్పుడు ఏ పక్క నావైపు తిరిగితే ఆ భాష చదివేదాన్ని. నేర్చుకోవాలని కాదు, కళ్ళు తెరిచి ఉన్నాయి కాబట్టి.

ఫ్రీజర్‌లో ఒక విచిత్రం ఉంది. లోపల ఉన్నంతసేపూ వేళ్ళు పెద్దగా నొప్పి పెట్టవు. కాసేపు చురుక్కుమని, తర్వాత మొద్దుబారి ఊరుకుంటాయి. బ్రేక్ రూమ్‌కి వచ్చి వేడి టీ కప్పు పట్టుకున్నాక మొదలవుతుంది అసలు బాధ. లోపల కాదు, బయటికొచ్చాక ఏడుపొస్తుంది, సిద్ధంగా ఉండమని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పేవారు. నేను మాత్రం ఆ రోజుల్లో పూర్తిగా బయటికి వచ్చిన గుర్తు లేదు. షిఫ్ట్ అయ్యేది, బస్సెక్కేదాన్ని, బేస్‌మెంట్ మెట్లు దిగేదాన్ని, అన్నం తినేదాన్ని. బాధా లేదు, సంతోషమూ లేదు. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధమని కూడా అనిపించేది కాదు.

స్టూడెంట్ వీసాలు వరదలా వచ్చిన ఏళ్ళవి. కాలేజీలో గదులు చాలక శనివారాలు కూడా క్లాసులు పెట్టారు. బస్సులో ఏ సీటు వెనక చెవి పెట్టినా తెలుగో పంజాబీయో వినపడేది. చదువైపోయాక అందరికీ వర్క్ పర్మిట్లు వచ్చాయి. అక్కడితో కష్టాలు తీరాయనుకున్నాం. తీరా చూస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, కావలసిన పాయింట్ల కటాఫ్ ప్రభుత్వం పేర్లు పిలిచే ప్రతి డ్రాకీ పైకి పోతూనే ఉంది. పర్మిట్ గడువు దగ్గరపడటం, కటాఫ్ పెరగడం, రెండూ కలిసి గోరుచుట్టు మీద రోకలిపోటయ్యాయి.

అప్పుడు తెలిసింది, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళని తక్కువ పాయింట్లకే పిలుస్తున్నారని. ఇంకేముంది, మా తెలుగు వాట్సాప్ గ్రూపు మొత్తం ఫ్రెంచ్ మీద పడింది. నిన్నటిదాకా హిందీ సరిగ్గా రానివాళ్ళు కూడా ఆవకాయ కలుపుకుంటూ ఫ్రెంచ్ క్రియలు వల్లెవేశారు. నేనూ చేరాను. పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, నాలుగూ గట్టెక్కాలి. ఏ ఒక్కటి తప్పినా నా పర్మిట్‌తోపాటు నేనూ అయిపోయినట్టే. వెళ్ళిపోతే ఏమవుతుందని అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఉండాలని కూడా గట్టిగా అనిపించేది కాదు. కానీ ఇన్నాళ్ళు చలిలో నిలబడింది ఊరికే పోతుందన్న ఒక్క ఆలోచన మాత్రం వదిలేది కాదు.

ఫ్రెంచ్ మేడం మాంట్రియల్ నుంచి ఆన్‌లైన్‌లో చెప్పేవారు. ఆవిడ పుట్టింది పశ్చిమాఫ్రికాలో. షిఫ్టులు చేసొచ్చి తూలిపడే మమ్మల్ని మెలకువగా ఉంచడానికి మధ్యమధ్య కథలు చెప్పేవారు. మీరు పాయింట్ల కోసం నేర్చుకుంటున్న ఈ భాష ఒకప్పుడు యూరప్‌లో రాజులందరిదీ అనేవారు. రష్యాలో దొరలు పిల్లలకి ఫ్రెంచ్ దాదిని పెట్టి పెంచేవారట. తమలో తాము ఫ్రెంచ్‌లో మాట్లాడుకుని, సొంత భాషని వంటవాళ్ళకీ బండివాళ్ళకీ ఉంచేవారట. ఒక జర్మన్ రాజైతే తన భాష మొరటుదని చెప్పి పద్యాలు కూడా ఫ్రెంచ్‌లోనే రాసుకున్నాడట. ఇంగ్లండుని ఫ్రెంచ్ మాట్లాడే దొరలు ఏలిన కాలంలో, దొడ్లో ఉన్నంతసేపూ ఆవుకి రైతు పెట్టిన పేరే ఉండేదని, వండి దొరగారి పళ్ళెంలోకి చేరాక ఫ్రెంచ్ పేరు వచ్చేదని, ఇంగ్లీషు వాళ్ళు బీఫ్ అనేది ఆ ఫ్రెంచ్ మాటేనని చెప్పారు. మర్నాడు ఫ్రీజర్‌లో పెట్టెకి రెండు పక్కలా చూశాను. నిజమే, ఇంగ్లీషు మాటా ఫ్రెంచ్ మాటా అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. మా సూపర్‌వైజర్‌కి తెలీదు గానీ నేను ఇన్నాళ్ళూ దొరల మాటలు పేరుస్తున్నానన్నమాట.

ఆవిడే మాకు తూ, వూ నేర్పారు. తూ అంటే నువ్వు, వూ అంటే మీరు. తెలుగువాళ్ళకి ఆ రెండూ వినగానే ఇంకో అర్థం వస్తుంది. వూ అంటే ఊఁ కొట్టినట్టుంటుంది, తూ అంటే ఉమ్మినట్టుంటుంది. మేం నలుగురం తెలుగువాళ్ళం మైకులు ఆపుకుని నవ్వుకున్నాం. పాతకాలం దొరల ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం కూడా వూ అనే పిలుచుకునేవారని, పిల్లలు తల్లిదండ్రుల్ని తూ అనడం ఎరగరని మేడం చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ లెక్కన మా పశ్చిమగోదావరి జిల్లా మొత్తం రాజుగారి కోటే. మావైపు గేదెని కూడా జరగండి అంటారని మిగతా జిల్లాలవాళ్ళు ఎగతాళి చేస్తారు. మరీ అంత కాదు గానీ, మా ఇంట్లో అయితే పిల్లలతో సహా అందరం అందరికీ మీరే.

ఈ మీరు జబ్బు నాతోపాటు కెనడా వచ్చింది. మా రూమ్మేట్‌ది కరీంనగర్. సామాన్లతో దిగిన రోజు నేను మీరు ఏ మంచం తీసుకుంటారని అడిగితే, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. తనని నువ్వు అనడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

పరీక్ష టొరంటోలో. చదవడం, వినడం, రాయడం బాగానే పోయాయి. మాట్లాడే పరీక్షలో రెండు భాగాలు. మొదటి దాంట్లో ఒక ప్రకటన చూసి, తెలియని మనిషికి ఫోన్ చేస్తున్నట్టు వివరాలు అడగాలి. అక్కడ వూ అనాలి. రెండో దాంట్లో ఎగ్జామినర్ మన స్నేహితుడు, అతన్ని దేనికో ఒప్పించాలి. అక్కడ తూ అనాలి. గదిలోకి వెళ్ళేసరికి తెల్లటి జుట్టు, టై కట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మొదటి భాగంలో నా అంత మర్యాదస్తురాలు ఆయనకి ఆ రోజు తగిలి ఉండదు. రెండో భాగం మొదలుపెట్టి, ఈత క్లబ్బులో చేరమని ఆయన్ని బతిమాలుతూ, వూ, వూ అంటూనే ఉన్నాను. ఆయన మంచివాడు. మనం స్నేహితులం కదా, తూ అనుకుందాం అని ఫ్రెంచ్‌లోనే మెల్లిగా గుర్తుచేశాడు. నేను తలవంచి చెప్పాను:

"వీ, ముస్యూ."

అలాగేనండీ అని. ఆ తర్వాత నోట్లో తూ వస్తుంటే నాలుక వెనక్కి లాక్కునేది. వూ రాబోతే తప్పని తెలుస్తుండేది. చివరికి రెండూ లేకుండా మాట్లాడబోయి, వాక్యం పూర్తికాక, ఆగిపోయాను. ఫలితాల్లో మూడు గట్టెక్కాయి. మాట్లాడడంలో ఒక్క మెట్టు తక్కువైంది.

రూమ్మేట్‌కి చెప్తే నవ్వింది. "మా దిక్కు మా తాతనే నువ్వు అంటం. ప్రేమతోనే అంటం. గదొక్క మాట నోట్లకెళ్ళి రాదా నీకు?" అంది. తనతో ప్రాక్టీస్ చేయమంది. చేశాను. తనని తూ అనడం సులువే, చిక్కల్లా ఎదురుగా పెద్దాయన ఉంటేనే. మళ్ళీ పరీక్ష రాయడానికి ఒక్క అవకాశానికే టైముంది. ఆ తర్వాత పర్మిట్ ఉండదు.

మా ఇంటి ఓనర్లు పైన ఉండేవారు. అంకుల్‌గారిది నరసాపురం పక్క. పాతికేళ్ళ వయసులో వచ్చి, కేంబ్రిడ్జ్‌లోనే ఒక ఫ్యాక్టరీలో లేతు మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ హాల్లో తెలుగు ప్రార్థన జరిగేది, తర్వాత భోజనాలు. ఆయన అందర్నీ మీరు అనేవారు. ఆంటీగారిని మీరు, స్టూడెంట్లని మీరు, ఇక్కడే పుట్టిన మనవణ్ణి కూడా బూట్లు విప్పండి బాబూ అనేవారు. ఆ పిల్లాడు ఓకే తాతా అని ఇంగ్లీషులో జవాబిచ్చి బూట్లతోనే పరిగెత్తేవాడు. ఆయన ఎందుకలా అంటారో మా అందరికీ తెలుసు. ఒక ఆదివారం ఆయనే చెప్పారు. వాళ్ళ నాన్న ఊళ్ళో కామందుగారి దగ్గర పాలేరు. జుట్టు నెరిసిన మనిషిని కామందుగారి బుడ్డపిల్లలు కూడా ఒరేయ్ అని పిలిచేవారట. ఆయన జీవితంలో ఆయన్ని మీరు అన్న మనిషి ఒక్కడే, బడికెళ్ళి చదువుకున్న కొడుకు. మొదటిసారి అన్నప్పుడు ఎవరినిరా అంటున్నావు అని చుట్టూ చూశాడట ఆ ముసలాయన. అప్పటినుంచి అంకుల్‌గారు ఎవర్నీ నువ్వు అనలేదు, ఎవరిచేతా అనిపించుకోలేదు.

ఫలితాలు వచ్చిన వారం, ఆదివారం భోజనాల దగ్గర నా పరీక్ష సంగతి బయటపడింది. తూ, వూ అంటే ఏమిటో, నేనెక్కడ బోల్తాపడ్డానో చెప్పాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ దొరల సంగతులు ఇంకా చెప్పమన్నారు. కొన్నాళ్ళకి ఫ్రాన్స్‌లో ప్రజలు తిరగబడ్డారని, దొరల వూ పోవాలి, అందరూ అందర్నీ తూ అనాలని అప్పుడు కొందరు పట్టుబట్టారని చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుతూ ఆలోచించారు.

"అందర్నీ సమానం చెయ్యడానికి వాళ్ళు కిందకి దింపారండి. నేను పైకి ఎక్కించాలని చూశాను," అన్నారు.

అందరూ వెళ్ళాక కంచాలు తీస్తుంటే నా దగ్గరికి వచ్చి, పెద్దవాణ్ణి కదా, నా మీద ప్రాక్టీస్ చెయ్యండి అన్నారు. నేను చచ్చినా వద్దన్నాను.

"ప్రతి ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణే నువ్వు అంటున్నారు కదండీ. నేనెంత చెప్పండి."

పర్మిట్ గడువు దగ్గరపడుతోంది. సరేనన్నాను.

మొదటిరోజు షిఫ్ట్ నుంచి వచ్చి పైకి వెళ్ళేసరికి ఆయన వంటింటి బల్ల దగ్గర, ఆదివారం వేసుకునే కోటు వేసుకుని, టై కట్టుకుని కూర్చున్నారు. ఎగ్జామినర్ టై కట్టుకున్నాడని నేను చెప్పింది గుర్తుపెట్టుకున్నారు. ఆంటీగారు పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. నేను ఈత క్లబ్బు గురించి మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని తూ అన్నాను. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహంలో ఏదో కదిలి పోయింది.

"ఉమ్మినట్టుందండి ఆ మాట," అన్నారు. "పర్లేదు. అనండి."

ఎంత అన్నా నా గొంతు లోపలికే పోతోంది. అప్పుడు ఆయనే ఉపాయం చెప్పారు, ముందు తెలుగులో అనమని, తెలుగులో నోరు తిరిగితే ఫ్రెంచ్‌లో అదే తిరుగుతుందని. ఫ్రెంచ్‌లో తూ అనడం ఒక ఎత్తు, ఆయన మొహం చూసి నువ్వు అనడం ఒక ఎత్తు. నా జీవితంలో ఒక పెద్దాయనతో మొదటిసారి ఆ మాట అన్నాను:

"నువ్వు... నువ్వు కూడా రా. నీకు ఈత వస్తే బాగుంటుంది."

"వస్తానండి," అన్నారాయన.

ఆంటీగారికి నవ్వాగలేదు. స్నేహితులైతే మీరు కూడా నువ్వు అనాలి కదా అని ఆయన్ని అడిగారు. ఆయన తలూపి, ప్రయత్నించారు. ఆయన వల్ల కాలేదు. చివరిదాకా అలాగే సాగింది. నేను నువ్వు అంటే ఆయన అండీ అనేవారు. ఆ చలికాలం ఆయన్ని నేను చేర్పించని క్లబ్బు లేదు, తీసుకెళ్ళని ఊరు లేదు. మాకన్నా చలి ఎక్కువైన రెజైనా ఊళ్ళో చలికాలం పిక్నిక్‌కి కూడా ఒప్పించాను. దేనికైనా వస్తానండి అనే అన్నారు.

మొదట్లో ఒక్కో నువ్వుకీ ఒళ్ళు జలదరించేది. తర్వాత తగ్గింది. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. వేళ్ళు మొద్దుబారినట్టే నాలుకా మొద్దుబారింది, నాకది మంచిదే అనిపించింది. ఒకరోజు ప్రాక్టీస్ అయిపోయింది, ఆయన టై విప్పేశారు, నేను కిందకి దిగుతూ, చేతిలో గిన్నె ఉండి, ఆ తలుపు వెయ్యి అంకుల్ అన్నాను. ఆయన లేచి వచ్చి తలుపు వేశారు. నేను సగం మెట్లు దిగాక గానీ ఆ మాట నాకు వినపడలేదు. వెనక్కి వెళ్ళి ఏదో అనాలనుకున్నాను. అనడానికి సరిపడా బాధ కూడా నాలో కనపడలేదు. గిన్నె లోపల పెట్టి పడుకున్నాను.

మర్నాడు బట్టలు మడతపెడుతూ ఆంటీగారు మామూలుగానే చెప్పారు, ఈ దేశం వచ్చాక ఆయన్ని నువ్వు అన్నది మీరొక్కరేనండీ అని. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అందుకే ఎటు చూడాలో తెలియలేదు. పరీక్ష ఇంకా అవలేదు కాబట్టి ఆ సాయంత్రం కూడా పైకి వెళ్ళాను. ఆయన టై కట్టుకునే ఉన్నారు.

రెండోసారి పరీక్షకి వెళ్ళినప్పుడు మాట్లాడే గది తలుపు తీయగానే ఒక అమ్మాయి ఉంది. నా వయసే ఉంటుంది. ముక్కుకి చిన్న పోగు, కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుంది. నేను కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాను. పెద్దాయన ఏడీ అని అడగబోయాను కూడా. రెండో భాగంలో ఆ అమ్మాయిని సైకిల్ యాత్రకి రమ్మని ఒప్పించాలి. తూ నీళ్ళలా వచ్చింది. రూమ్మేట్‌తో చేసిన ప్రాక్టీస్ చాలు దానికి. ఆ అమ్మాయి నవ్వి, సరే వస్తానంది. బయటికొచ్చి బస్‌స్టాప్‌లో నిలబడి ఆ చలికాలమంతా టై కట్టుకున్న మనిషిని తలుచుకున్నాను. ఆయన్ని అన్ని నువ్వులూ అనకపోయినా ఈ పరీక్ష ఇలాగే అయ్యేది.

ఫలితాలు వచ్చాయి, నాలుగూ గట్టెక్కాయి. తర్వాతి ఫ్రెంచ్ డ్రాలో నాకు పిలుపూ వచ్చింది. ఉద్యోగంలో బ్రేక్ టైములో ఫోన్‌లో చూశాను. పక్కనున్నవాళ్ళు కౌగిలించుకున్నారు. నేను కంగ్రాట్స్‌కి థాంక్స్ చెప్పి, గ్లవ్స్ తొడుక్కుని మళ్ళీ ఫ్రీజర్‌లోకి వెళ్ళాను. ఏదో అనిపించాలి కదా అని ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి అంకుల్‌గారు గరాజ్ ముందు మంచు తీస్తున్నారు. విషయం చెప్పాను. పార గోడకి ఆనించి, టోపీ తీసి, ఒక్క క్షణం తలవంచి ప్రార్థన చేసుకున్నారు. తర్వాత అన్నీ అడిగారు.

"ఎగ్జామినర్ పెద్దాయనేనాండి?"

"ఆయ్, పెద్దాయనేనండి," అన్నాను.

"టై కట్టుకున్నారా?"

"కట్టుకున్నారండి."

"తడబడకుండా తూ అన్నారా?"

"అన్నానండి. ఆ ప్రాక్టీస్ వల్లే."

ఆయన మొహం వెలిగింది. పార మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. రెండు పారల మంచు పక్కకి వేశారు. ఇంకేదో అడగాలని ఉందని, అడగలేకపోతున్నారని అప్పుడు తెలిసింది. నావైపు చూడకుండా, మంచుకేసి చూస్తూ అడిగారు.

"అయితే ఇంక నన్ను మళ్ళీ మీరు అంటారా అండి?"

నా వేళ్ళకి అప్పుడు నొప్పి మొదలైంది. గరాజ్ ముందు, గ్లవ్స్ లేని చేతుల్ని చంకల్లో పెట్టుకుని, ఈ దేశం వచ్చాక మొదటిసారి ఏడ్చాను. ఆయన కంగారుపడి పార వదిలేశారు.

"అంటానండి," అన్నాను.